జాగ్రత్త: ‘మీ బరువుకు తగ్గ ఫోర్కు స్ప్రింగులు’ కొనబోతున్నారా? డబ్బు పంపే ముందు ఇది చదవండి

బండి ముందు షాకాబ్జర్లలో గట్టి స్ప్రింగులు వేసుకోవాలని చూస్తున్నవాళ్లు, ముఖ్యంగా నాలాగా తొంభై కిలోలు దాటినవాళ్లు, ఒక్క పది నిమిషాలు ఆగి ఇది చదవండి. ఆన్‌లైన్‌లో ఒకతని దగ్గర 6,500 రూపాయలకు ఒక జత కొన్నాను. డబ్బు పోతే పోయింది, మళ్లీ సంపాదించుకుంటాం. కానీ ఘాట్ రోడ్డు దిగుడులో, వెనక మా ఆవిడ కూర్చుని ఉండగా, హ్యాండిల్ నా చేతుల్లోంచి ఎగిరినంత పనైంది. అలాంటి జతే ఇంకెవరి బండిలోనో ఉండి ఉంటుందన్న దిగులుతో రాస్తున్నాను.

నాది రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైకు. బండే 199 కిలోలు. ముందు ఫోర్కు, అంటే చక్రానికి రెండు పక్కలా ఉండే షాకాబ్జరు గొట్టాలు, 41 మి.మీ. ట్రావెల్, అంటే అది కిందికి పైకి కదిలే దూరం, 200 మి.మీ. నేను 98 కిలోలు, హెల్మెట్టూ జాకెట్టూ బూట్లూ వేసుకుంటే ఇంకో ఏడెనిమిది పైన. కంపెనీవాళ్లు సన్నగా ఉన్నవాళ్లకూ లావుగా ఉన్నవాళ్లకూ కలిపి ఒకే స్ప్రింగు పెడతారు, వాళ్లను తప్పు పట్టను. నాకు మాత్రం బ్రేకు నొక్కితే బండి ముక్కు బాగా కిందికి దిగిపోయేది. సాగ్ కొలిచి చూశాను. తెలియనివాళ్లకు చెబుతున్నాను: ముందు చక్రం గాల్లో ఉన్నప్పుడు ఫోర్కు ఎంత పొడవుందో, మనం ఎక్కి కూర్చున్నాక ఎంత ఉందో, ఆ తేడాయే సాగ్. ట్రావెల్‌లో పాతిక నుంచి ముప్ఫై మూడు శాతం దాకా ఉంటే మంచిదంటారు. అంటే నా బండికి 50 నుంచి 66 మి.మీ. నాకు 86 వచ్చింది.

అతని ప్రకటనలో ‘95 నుంచి 110 కిలోల రైడర్లకు, కంపెనీ స్ప్రింగుకన్నా 30 శాతం గట్టి, ఇంట్లోనే బిగించుకోవచ్చు’ అని ఉంది. స్ప్రింగు రేటు (ధర కాదు, గట్టిదనం) ఎంత అని మెసేజ్ పెట్టాను. “0.65 అన్నా” అన్నాడు. అంటే మిల్లీమీటరు నొక్కడానికి 0.65 కిలోల బలం కావాలని. వైరు మందం ఎంత, చుట్లెన్ని, పొడవెంత అని నేను అడగలేదు. అడగాలని అప్పటికి నాకు తెలియదు. అతని సొంత నంబరుకే యూపీఐ చేశాను. బిల్లు పార్శిల్లో ఉంటుందన్నాడు. పార్శిల్ విప్పితే రెండు ఎర్ర స్ప్రింగులు, రెండు బూడిద రంగు పీవీసీ గొట్టం ముక్కలు, లేబుల్ లేని సీసాలో ఆయిల్. బిల్లు లేదు.

ఆదివారం పొద్దున ఇంటి ముందే పని మొదలుపెట్టాను. మెయిన్ స్టాండు వేసి, ఇంజిన్ కింద జాకీ పెట్టి ముందు చక్రం గాల్లోకి లేపాను. ఫోర్కు గొట్టాలను పైన పట్టి ఉంచే అడ్డ ముక్క దగ్గర బిగించిన బోల్టు వదులు చేశాకే ఫోర్కు మూత తిప్పాలి, లేకపోతే మూత మరలు పట్టేసి పాడవుతాయి. పాత స్ప్రింగు తీసి కొత్తది పక్కన పెడితే కొత్తది పొట్టిగా ఉంది. గొట్టం ముక్క మాత్రం కంపెనీ స్పేసరుకన్నా, అంటే స్ప్రింగుకూ మూతకూ మధ్య ఉండే గొట్టంకన్నా, బాగా పొడుగు. రెండూ కలిపి కొలిస్తే పాత వరసకన్నా 25 మి.మీ. ఎక్కువ. మూత బిగించేటప్పుడు అరచేతి మీద బరువంతా వేసి నొక్కితే గానీ మొదటి మర అందుకోలేదు. గట్టి స్ప్రింగు కదా, అలాగే ఉంటుందిలే అనుకున్నాను.

బిగించాక సాగ్ కొలిస్తే 61. ఎంత సంతోషపడ్డానో! పని అయిపోయిందనుకున్నాను. ఇది చదువుతున్న మీరైనా అదే అనుకుంటారు. కొలిచే పద్ధతి సరిగ్గానే ఉంది, అంకె సరిగ్గానే వచ్చింది, ఇంకేం చూస్తాం?

రెండు వారాల తర్వాత శ్రీశైలం వెళ్లాం, వినుకొండ మీదుగా దోర్నాల చేరి అక్కణ్నుంచి ఘాట్. ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. దర్శనం చేసుకుని మర్నాడు దిగుతున్నాం. ఒక మలుపు ముందు బ్రేకు మీద ఉన్నాను, ముక్కు దిగి ఉంది, సరిగ్గా అప్పుడే తారు లేచిపోయిన గుంటలో చక్రం పడింది. ఠంగుమని ఇనుము ఇనుముకు కొట్టుకున్న మోత. హ్యాండిల్ పైకి తన్నింది. ముందు టైరు ఒక్క క్షణం నేలను వదిలి జానెడు పక్కకు పడింది. ఎదురుగా బస్సు లేదు కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను. పక్కకు తీసి ఆపాక మా ఆవిడ “ఏమైందండీ?” అని ఒక్కమాటే అడిగి, నీళ్ల సీసా మూత తీసి ముందు నాకే ఇచ్చింది. నా వేళ్లు వణుకుతున్నాయి.

అక్కణ్నుంచి విజయవాడ దాకా నలభై దాటకుండా వచ్చాం.

మర్నాడు ఆటోనగర్‌లో మా మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. ఫోర్కు రబ్బరు బూటు పైకి జరిపితే, నేను బిగించేటప్పుడు రాడ్డుకు కట్టిన ప్లాస్టిక్ టై కనిపించింది. ఫోర్కు ఎంత లోపలికి దిగితే అది అంత పైకి జరుగుతుంది. 200 దాకా పోవాల్సింది 168 దగ్గర ఆగిపోయింది. “గుంటలో పడ్డప్పుడు ఇంకా 32 మిగిలుండగానే లోపల ఏదో ఆపేసిందండీ” అన్నాడు మేస్త్రి. స్ప్రింగు బయటికి తీసి గుడ్డతో తుడిచి వెలుతురుకు పట్టుకున్నాడు. చుట్టుకీ చుట్టుకీ మధ్య, ఒకదానికొకటి ఎదురుగా ఉండే చోట్ల ఎర్ర రంగు లేచిపోయి సన్నని వెండి గీతలు. “ఇదిగో చూడండి, చుట్లన్నీ ఒకదాని మీద ఒకటి కూర్చుని కొట్టుకున్నాయి. అప్పుడిది స్ప్రింగు కాదండీ, ఇనుప గొట్టం.”

లెక్క చాలా తేలిక, నేనే ముందు వేసి ఉండాల్సింది. చుట్లు 46. వైరు 4.5 మి.మీ. రెండూ గుణిస్తే 207. స్ప్రింగు ఎంత నొక్కినా అంతకన్నా పొట్టి కాదు. మూత బిగించాక లోపల ఆ స్ప్రింగుకు మిగిలిన చోటు 375. 375లో 207 పోతే 168. టై ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే.

వైరు 4.5 అని రాశాను కదా, అదీ అంత సులువుగా తేలలేదు. వెర్నియర్ పెడితే మొదట 4.7 చూపించింది. మేస్త్రికి అనుమానం వచ్చి బ్లేడుతో రంగు గీకాడు. కింద తెల్లటి ఇనుము దాకా గీకి మళ్లీ కొలిస్తే 4.5. దళసరిగా కొట్టిన పౌడర్ కోటింగే 0.2 మి.మీ. ఇదేం చిన్న తేడా అనుకోకండి. స్ప్రింగు గట్టిదనం వైరు మందం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. మిగతావన్నీ అలాగే ఉంచి 4.5ని 4.8 చేస్తే చాలు, దాదాపు 30 శాతం గట్టిపడుతుంది. మనం వేలకు వేలు పోసి కొనేది వెంట్రుకలంత ఆ 0.3 మి.మీ. ఇనుమునే. అది కంటికి కనపడదు. రంగు వేసి దాచడం అంత సులువు.

అప్పుడు తూకం వేశాం. స్నానాల గది దగ్గర పెట్టుకునే బరువు తూచే మిషను ఇంటినుంచి తెచ్చాను. దాన్ని డ్రిల్లింగ్ మిషను కింద పెట్టి, స్ప్రింగు నిలబెట్టి, వంగిపోకుండా లోపల ఒక కడ్డీ దూర్చి, పైన వాషరు పెట్టి హ్యాండిల్‌తో నొక్కాడు. పక్కన స్కేలు పట్టుకుని నేను చదివాను. 20 మి.మీ. నొక్కితే 10 కిలోలు. 40కి 20. 60కి 30. అతను చెప్పిన 0.65 నిజమైతే 60 దగ్గర 39 చూపించాలి. నా పాత స్ప్రింగు కూడా అలాగే పెట్టి చూశాం. ఒక్క కిలో అటూ ఇటూగా అవే అంకెలు.

మరి సాగ్ 86 నుంచి 61కి ఎలా తగ్గింది? ఆ గొట్టం ముక్క వల్ల. 25 మి.మీ. ఎక్కువ నొక్కి పెట్టి మూత వేస్తే సాగ్ సరిగ్గా 25 తగ్గుతుంది. దాన్నే ప్రీలోడ్ అంటారు. ప్రీలోడ్ బండిని పైకి లేపుతుంది, అంతే. స్ప్రింగును గట్టిపరచదు. నా పాత స్ప్రింగు మీద 25 మి.మీ. పైపు ముక్క పెట్టుకుంటే ఇదే 61 వచ్చేది, ఖర్చు పది రూపాయలు. పైగా చుట్లు కొట్టుకునే ప్రమాదం ఇంత దగ్గరికి వచ్చేది కాదు.

మీరు మోసపోకుండా ఉండాలంటే సాగ్ ఒక్కసారి కాదు, రెండుసార్లు కొలవండి. ఒకటి బండి తన బరువు మీదే నిలబడి ఉన్నప్పుడు, రెండోది మీరు ఎక్కాక. నా బండికి పాత స్ప్రింగుతో ఒట్టి బండి సాగ్ 50, ఎక్కాక 86, తేడా 36. ఈ ఎర్ర స్ప్రింగుతో 25, 61. తేడా మళ్లీ 36. అంటే నా బరువు రెండు స్ప్రింగులనూ సమానంగా దించింది, గట్టిదనంలో ఏ మార్పూ లేదు. నిజంగా 30 శాతం గట్టిదైతే ఆ తేడా 28 దగ్గరికి రావాలి. స్ప్రింగు బయటికి తీయకుండా, తూకం మిషను లేకుండా, టేపూ ఒక మనిషి సాయంతో ఇది తెలిసిపోతుంది. ఇప్పటికే ఇలాంటివి కొని బిగించుకున్నవాళ్లు ఈ సాయంత్రమే కొలిచి చూడండి. కొలిచేటప్పుడు బండిని రెండు మూడుసార్లు కిందికి నొక్కి వదలండి, లేకపోతే ఆయిల్ కారకుండా ఉండే రబ్బరు సీలు పట్టు వల్ల అంకె తప్పు వస్తుంది.

కొనేముందైతే నాలుగు అంకెలు రాతపూర్వకంగా అడగండి: రంగు లేకుండా వైరు మందం, మొత్తం చుట్లు, విడి పొడవు (నొక్కకుండా ఉన్నప్పటిది), రేటు. రేటు ఏ కొలతలో చెబుతున్నారో కూడా చూసుకోవాలి. కొందరు న్యూటన్లలో చెబుతారు, అప్పుడు 0.65 కిలోలు 6.4 అవుతుంది. చుట్లను మందంతో గుణించి, బిగించాక స్ప్రింగుకు మిగిలే పొడవులోంచి తీసేయండి. వచ్చిన అంకె మీ ఫోర్కు ట్రావెల్‌కన్నా ఎక్కువ ఉండాలి. తక్కువైతే ఎంత పేరున్న సరుకైనా ముట్టుకోవద్దు. నిజంగా స్ప్రింగులు చుట్టేవాళ్లకు ఇవన్నీ నోటి మీదే ఉంటాయి. “నమ్మండి అన్నా, అందరూ వాడుతున్నారు” అనేవాళ్ల దగ్గర ఉండవు.

ఆ గొట్టం ముక్కల గురించి ఇంకో మాట. పీవీసీ స్పేసరు వాడటం తప్పేం కాదు, చాలామంది వాడతారు. కానీ మందమైన పైపు అయి ఉండాలి, రెండు కొసలూ సమంగా కోసి ఉండాలి, స్ప్రింగుకూ దానికీ మధ్య ఇనుప వాషరు ఉండాలి. నాకు వచ్చినవి గోడలో కరెంటు వైర్లకు వేసే పల్చటి పైపు ముక్కలు. వాషర్లు ఇవ్వలేదు. తీసి చూస్తే ఒకటి కింది కొస నుంచి వేలెడు పొడవున చీలింది. స్ప్రింగు కొసను కూడా సానబట్టలేదు, కోసినది కోసినట్టే ఉంది. అది పైపును కొరికిన పొడీ ఇనుప రజనూ కలిసి ఆయిల్ బూడిద నీళ్లలా తయారైంది. రెండు ఫోర్కులూ విప్పి కడిగించి, సీళ్లు మార్పించాల్సి వచ్చింది.

ఇంట్లో విప్పేవాళ్లు దయచేసి ముఖం మూత మీదికి వంచి పని చేయవద్దు. నా బండిలో ఆ ఎర్ర స్ప్రింగు, పాతదానికన్నా ఎక్కువైన 25తో కలిపి, మొత్తం 45 మి.మీ. నొక్కి పెట్టి ఉంది. అంటే ఆఖరి మర వదలగానే 22 కిలోల బలంతో మూత పైకి వస్తుంది. ఆ కిట్టుతో వచ్చిన కాగితంలో దీని గురించి ఒక్క మాట లేదు. ఆయిల్ గురించి కూడా ‘పాతది పారబోసి ఇది మొత్తం పోయండి’ అనే ఉంది. స్ప్రింగు మారితే లోపల అది ఆక్రమించే చోటు మారుతుంది కాబట్టి సీసా లెక్క పనికిరాదు. స్ప్రింగు బయట ఉంచి, ఫోర్కు పూర్తిగా లోపలికి నొక్కి, పై అంచు నుంచి ఆయిల్ ఎంత లోతులో ఉందో చూసి సర్వీస్ మాన్యువల్లో ఉన్న అంకెకు సరిచేయాలి.

అమ్మినతనికి ఫొటోలూ, తూకం వీడియో పంపాను. మొదట “సాగ్ కరెక్ట్‌గానే వచ్చింది కదన్నా, ఇంకేంటి ప్రాబ్లం?” అన్నాడు. 60 మి.మీ.కి 30 కిలోలే ఎందుకు వచ్చిందని అడిగితే “బిగించాక రిటర్న్ లేదు” అన్నాడు. ఘాట్‌లో జరిగింది చెప్పాను, వెనక మనిషి ఉందని చెప్పాను. తర్వాత నా నంబరు బ్లాక్ చేశాడు.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అది తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఐదు లక్షల లోపు కొనుగోళ్లకు అక్కడ ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ప్రకటన స్క్రీన్‌షాట్లు, 0.65 అన్న మెసేజ్, యూపీఐ రసీదు, పార్శిల్ కవరు అన్నీ దాచిపెట్టాను. మీరూ దాచుకోండి, ముఖ్యంగా ప్రకటన. ఎప్పుడు తీసేస్తారో తెలియదు.

ప్రస్తుతం కంపెనీ స్ప్రింగులే మళ్లీ వేసుకుని ఒక్కడినే, నెమ్మదిగా తిరుగుతున్నాను. ఆ ఎర్ర జత మేస్త్రి షాపులోనే ఉంది, రంగు గీకిన చోటు అలాగే ఉంచాం. విజయవాడ చుట్టుపక్కల ఎవరైనా స్ప్రింగులు కొని అనుమానంతో ఉంటే మెసేజ్ పెట్టండి. తూకం మిషను కూడా అక్కడే వదిలేశాను, పావుగంటలో కొలిచి చూసుకుందాం.