రంగులద్దిన సైన్యాన్ని ఆన్‌లైన్ వేలంలో అమ్మడం: విశాఖ నుంచి ఒక సమీక్ష

సీతమ్మధారలోని మా ఇంటి వెనక గదిలో, రాత్రి భోజనాలయ్యాక టేబుల్ లైటు కింద కూర్చుని ఎనిమిదేళ్లపాటు రంగులు వేసిన చిన్న బొమ్మల సైన్యాన్ని, వార్‌హ్యామర్ 40,000 అనే ఆట కోసం తయారుచేసుకున్నదాన్ని, ఈ మధ్య ఆన్‌లైన్ వేలంలో అమ్మేశాను. అరవై మంది మామూలు సైనికులు, పదిమంది టెర్మినేటర్లు (బరువైన కవచం తొడిగినవారు), ఒక కెప్టెన్, ఒక డ్రెడ్‌నాట్ (నడిచే యుద్ధయంత్రం), ఒక ల్యాండ్ రైడర్ వాహనం: ఇదీ ఆ సైన్యం. నేను వాడిన సైటు దేశంలోని అమ్మకందారులనూ కొనుగోలుదారులనూ కలిపేది. దాని పేరు రాయడం లేదు. చేత్తో రంగులు వేసిన వస్తువుకు వేలం పద్ధతి ఎంతవరకు న్యాయం చేస్తుందన్నదే నేను చెప్పదలచుకున్న విషయం. ఆ పద్ధతి ఇటువంటి సైట్లు చాలావాటిలో దాదాపు ఒకేలా ఉంటుంది.

ఈ ఆటతో పరిచయం లేనివారి కోసం రెండు మాటలు. ఇది బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ కేంద్రంగా పనిచేసే గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ 1987లో తెచ్చిన, బల్ల మీద ఆడే యుద్ధక్రీడ. సైనికుల చేతులు, కాళ్లు, తుపాకులు ప్లాస్టిక్ చట్రాలలో విడివిడిగా వస్తాయి. వాటిని కత్తిరించి, అచ్చు గీతలు గీకి, అతికించి, రంగు పట్టేలా ముందుగా ప్రైమర్ పూత కొట్టి, రంగులు వేసుకోవడం ఆటగాడి పని. మన దేశంలో కొత్త పెట్టెలు కొనడం చాలామందికి భారం. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. వాడిన సైన్యాలను వెతుక్కునేవారు ఇక్కడ ఉండటానికి అదొక కారణం, నేను వేలానికి సిద్ధపడటానికి కూడా అదే ధైర్యం.

విశాఖలో పెరిగినవారికి వేలం పాట కొత్త కాదు. చిన్నప్పుడు మా మేనమామగారి వెంట తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి, నేల మీద పోసిన చేపల రాశి చుట్టూ జనం మూగి పాట పాడటం ఎన్నోసార్లు చూశాను. కొనేవాళ్లు చేప మొప్ప ఎత్తి ఎరుపు చూసుకున్నాకే నోరు విప్పేవారు. చివరి గొంతు ఆగేవరకు పాట ముగిసేది కాదు. నేను వాడిన ఆన్‌లైన్ వేలంలో ఈ రెండూ లేవు. మొప్ప ఎత్తి చూసే వీలుండదు, పైగా గడియారం చెప్పిన సెకనుకు పాట ఆగిపోతుంది.

మొదట నేను సైన్యం మొత్తాన్ని ఒకే రాశిగా, ముప్ఫై వేల రూపాయల ప్రారంభ ధరతో పెట్టాను. ఏడు రోజులలో ఒక్క పాటా రాలేదు. ఒకాయన మాత్రం విడిగా సందేశం పెట్టి పద్నాలుగు వేలకు మొత్తం ఇచ్చేస్తారా అని అడిగారు. ఇవ్వనన్నాను. ఆ తరువాత సైన్యాన్ని ముక్కలుగా విడగొట్టి, ఇరవై మంది చొప్పున మూడు రాశులుగా సైనికులను, మిగిలినవాటిని వేర్వేరుగా, తక్కువ ప్రారంభ ధరలతో పెట్టాను. ఒక సైన్యాన్ని ఒకే నీలంతో, ఒకే తీరులో ఏళ్ల తరబడి తయారుచేసినవారికి దాన్ని ఇలా విడగొట్టడం కష్టంగా ఉంటుంది. అయినా మొత్తాన్ని ఒకేసారి కొనగలవాడు ఒకడు దొరికినా, వాడితో పోటీపడే రెండోవాడు దొరకడం మన దేశంలో చాలా అరుదు.

ఆ రెండోవాడి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ పద్ధతి గుట్టంతా అక్కడే ఉంది. ఇటువంటి ఆన్‌లైన్ వేలంలో పాటదారు తాను ఇవ్వగల గరిష్ఠ మొత్తాన్ని ముందే రాసి పెడతాడు, సైటు అతని తరఫున అవసరమైనంత మేరకే పాట పెంచుతూ పోతుంది. కాబట్టి వస్తువు చివరికి పలికే ధర గెలిచినవాడి గరిష్ఠం కాదు, ఓడిపోయినవాడి గరిష్ఠానికి ఒక మెట్టు పైన. నా కెప్టెన్ బొమ్మ విషయంలో ఇది స్పష్టంగా కనిపించింది. అది పాత లోహపు బొమ్మ. అంగీ మీద బంగారు అల్లికను సన్నని కుంచెతో చేత్తో గీయడానికే నాకు పది రాత్రులు పట్టింది. బొమ్మ నిలబడే బేస్‌ను భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల రంగు వచ్చేలా, వాన కోసిన గట్టులా మలిచాను. పాటదారులలో ఒకరు ఆ ఎరుపు ఏ రంగుల కలయిక అని ముందుగానే అడిగి తెలుసుకున్నారు. ఆదివారం రాత్రి చివరి ఇరవై సెకన్లలో ధర 2,600 నుంచి 4,300కు ఎగబాకింది. గెలిచినవారు తాను ఆరు వేల వరకు రాసిపెట్టానని తరువాత చెప్పారు. రెండోవారు 4,200 దగ్గర ఆగారు కాబట్టి నాకు 4,300 దక్కింది.

దాని పక్కనే పెట్టిన డ్రెడ్‌నాట్ కథ దీనికి పూర్తిగా వ్యతిరేకం. నా దృష్టిలో ఆ సైన్యంలో అన్నిటికన్నా మంచి పని దాని మీదే జరిగింది. కవచం అంచుల రాపిడి, పొగగొట్టాల మసి, తుప్పు కారిన చారలు ఒక్కొక్కటీ విడిగా వేశాను. దానికి ఒకే ఒక్క పాటదారు వచ్చారు. ఆయన ఎంత ఇవ్వడానికి సిద్ధపడ్డారో నాకు తెలిసే అవకాశమే లేదు, ప్రారంభ ధర 1,500 దగ్గరే అది అమ్ముడుపోయింది. రిజర్వు ధర, అంటే అంతకు తగ్గితే అమ్మననే కనీస ధర, పెట్టుకోకపోవడం నా పొరపాటు. ఒంటరిగా నిలిచే మంచి వస్తువును తక్కువ ప్రారంభ ధరకు వేలంలో పెట్టకూడదని ఎవరు అడిగినా చెబుతాను.

మామూలు సైనికుల రాశులు 3,100, 3,400, 2,900 పలికాయి. ఒక్కొక్క సైనికుడికి మకరాగ్ బ్లూ అనే నీలం పూత, నీడల కోసం నల్న్ ఆయిల్ అనే పల్చటి నల్ల వాష్, ఆపైన అంచులకు కాల్గర్ బ్లూ వేయడానికి సుమారు నాలుగు గంటలు పట్టేది. ఆ నాలుగు గంటలకు, ప్లాస్టిక్‌తో కలిపి, దాదాపు నూటయాభై రూపాయలు వచ్చాయన్నమాట. అందులో ఒక రాశి కోసం వచ్చిన ప్రశ్న ఇది: “అండీ, మీరు వేసిన రంగు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెడితే పూర్తిగా ఊడుతుందా?” ఆయనకు కావలసింది బొమ్మ, నా రంగు కాదు. మనసు చివుక్కుమన్నా, ఊడుతుందని, ప్రైమర్ మాత్రం కొన్ని చోట్ల మొండికేయవచ్చని ఉన్నదున్నట్టు చెప్పాను. రాశిగా అమ్మే సైనికుల విషయంలో కొనేవారు చాలామంది రంగును ఒక అదనపు పనిగానే చూస్తారు. దీన్ని తప్పు పట్టడానికి లేదు, వారి సైన్యం వారి రంగుల్లో ఉండాలి కదా.

ధర తగ్గడానికి మరో కారణం నా సైనికుల వయసు. 2017లో ఆట నియమాల ఎనిమిదో ఎడిషన్‌తో పాటు ప్రైమరిస్ అనే పెద్ద కొలతల సైనికులు వచ్చారు. వారి పక్కన నిలబెడితే నా పాతవారు, అందులోనూ 25 మిల్లీమీటర్ల బేస్‌ల మీద ఉన్నవారు, పిల్లల్లా కనిపిస్తారు. 2023లో పదో ఎడిషన్ వచ్చాక పాత యూనిట్లు (సైనిక దళాలు) కొన్ని పోటీల నుంచి పక్కకు జరిగాయి. సైన్యం అమ్మే ఆలోచన ఉన్నవారు కొత్త ఎడిషన్ ప్రకటన వెలువడకముందే అమ్ముకోవడం మేలు.

ఇక వివరణ, ఫొటోలు. మొప్ప ఎత్తి చూడలేని కొనుగోలుదారుకు ఫొటోయే మొప్ప. ఉత్తరపు కిటికీ వెలుగులో, తెల్లటి గుడ్డ పరిచి, ప్రతి యూనిట్‌కు ముందు, వెనక, పైనుంచి ఫొటోలు తీశాను. ఊడిన రంగును, వంగిన యాంటెన్నాను దగ్గరనుంచి తీసి మరీ చూపించాను. ఏ జిగురు వాడానో కూడా రాశాను. ప్లాస్టిక్ సిమెంటు రెండు ముక్కలను కరిగించి ఒకటిగా చేస్తుంది కాబట్టి ఆ అతుకు గట్టిది. సూపర్ గ్లూతో అతికించిన లోహపు చేయి దెబ్బ తగిలితే టక్కున ఊడుతుంది. దీని గురించి అడిగినవారు నలుగురు ఉన్నారు. అడగకముందే రాయడం వల్ల కెప్టెన్ రాశికి నమ్మకం పెరిగిందని నా అంచనా.

విశాఖలో అమ్మేవారికి ప్రత్యేకంగా చెప్పవలసినది వార్నిష్ గురించి. అమ్మే ముందు రక్షణ పూతగా మ్యాట్ (మెరవని) వార్నిష్ స్ప్రే చేయడం మామూలు. ఆగస్టులో, సముద్రపు తేమ గోడలకే పట్టే రోజుల్లో, తొందరపడి ఐదుగురు సైనికుల మీద కొట్టాను. పది నిమిషాల్లో నీలం మీద పాలమీగడలా తెల్లటి పొర తేలింది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు స్ప్రే ఇలా మంచుపట్టినట్టు అవుతుంది. ఆ పొర మీద గ్లాసీ (మెరిసే) వార్నిష్‌ను కుంచెతో పల్చగా పూస్తే చాలావరకు పోయింది. మళ్లీ మ్యాట్ కొట్టడానికి మాత్రం జనవరి మధ్యాహ్నం కోసం ఆగాను. ఆ ఐదుగురి సంగతి వివరణలో రాసే అమ్మాను.

ప్యాకింగ్ ఈ అమ్మకంలో నేను అన్నిటికన్నా శ్రద్ధ పెట్టిన పని. బుడగల ప్లాస్టిక్‌ను నేరుగా బొమ్మకు చుడితే ఎండకు వేడెక్కి రంగు మీద గుండ్రటి ముద్రలు పడతాయి. దూది చుడితే పోగులు కత్తి మొనలకు చిక్కుకుంటాయి. పల్చటి టిష్యూ కాగితంలో చుట్టి, ఆపైన బుడగల పొర వేసి, పూర్ణామార్కెట్‌లో కొన్న చిన్న అట్టపెట్టెలో పేర్చి, ఆ పెట్టెను మరో పెద్ద పెట్టెలో నాలుగు వైపులా మెత్త పెట్టి దింపాను. మూసిన పెట్టెను చెవి దగ్గర ఊపి చూస్తే ఏ చప్పుడూ రాకూడదు. ద్వారకానగర్‌లో కొరియర్ కౌంటర్ కుర్రాడు పెట్టెను చేత్తో ఎత్తి చూసి, “బరువేటీ లేదండీ, కానీ డబ్బా సైజు బట్టే లెక్కేస్తామండి” అన్నాడు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి ఐదు వేలతో భాగిస్తారు. 30, 25, 20 కొలతల పెట్టెకు అది మూడు కిలోలు, నా పెట్టె అసలు బరువు తొమ్మిది వందల గ్రాములే. పెట్టె కొలతలు ముందే నిర్ణయించుకోకుండా వేలంలో రవాణా ఖర్చు రాయకూడదు.

ఇప్పుడు ఈ సేవలో నన్ను బాధపెట్టిన రెండు విషయాలు. టెర్మినేటర్ల రాశి 5,200కు పోయింది. అందుకున్నవారు రెండు చేతులు విరిగాయని ఫిర్యాదు చేశారు. సైటువారు నన్ను ఒక్క మాట అడగకుండా, ప్యాక్ చేసేటప్పుడు నేను తీసిన వీడియో చూడకుండా, సగం డబ్బు 2,600 వారికి తిరిగి ఇచ్చేశారు. తిరిగి ఇచ్చిన మొత్తం మీద తీసుకున్న కమిషన్‌ను మాత్రం నాకు వెనక్కి ఇవ్వలేదు. చేతులు నిజంగానే విరిగి ఉండవచ్చు, నేను ఆ మాట కాదనడం లేదు. రెండు పక్షాల మాటా వినకుండా తీర్పు చెప్పడం తప్పు. రెండోది, ల్యాండ్ రైడర్‌ను 4,800కు పాడినవారు డబ్బు కట్టకుండా మాయమయ్యారు. మన ఊళ్లలో చెరువు వేలమైనా, గుడి కొబ్బరికాయల వేలమైనా ముందు ధరావతు కట్టనిదే ఎవరినీ పాటలోకి రానివ్వరు. అంత చిన్న జాగ్రత్త ఈ సైటులో లేదు. మళ్లీ పెడితే 3,600 వచ్చింది.

మొత్తం పాటలు కలిపితే 24,000. నూటికి పన్నెండు చొప్పున కమిషన్ 2,880, వెనక్కి పోయినది 2,600, ప్యాకింగ్ సామాను 1,120. రవాణా కొన్నవారే భరించారు. చేతికి మిగిలినది 17,400. మొదట పద్నాలుగు వేలు ఇస్తానన్నాయన మాట విని ఉంటే రెండు నెలల పని తప్పేది, అయినా ఆ మూడు వేల నాలుగు వందల కోసం పడిన శ్రమకు నేను చింతించడం లేదు. కెప్టెన్ కోసం ఇద్దరు పోటీపడిన ఆ ఇరవై సెకన్లు నా ఎనిమిదేళ్ల పనికి దక్కిన గౌరవంగానే భావిస్తున్నాను.

ఐదుకు మూడు మార్కులు ఇస్తాను. పాట చివరి నిమిషంలో కొత్త పాట వస్తే గడువు రెండు నిమిషాలు పెంచడం, పాటదారుల నుంచి ధరావతు తీసుకోవడం, ఫిర్యాదు వస్తే అమ్మినవారి మాట కూడా వినడం మొదలుపెడితే నాలుగు ఇస్తాను. నా అలమరలో ఇంకో చిన్న సైన్యం ఉంది, ముప్ఫై మంది ఆర్కులు, అంటే ఆ ఆటలోని ఆకుపచ్చ రాక్షసజాతి సైనికులు. వాళ్లను వేలంలో పెట్టను, పదిమంది చొప్పున స్థిర ధరకు అమ్ముతాను. వాళ్ల నాయకుడిని మాత్రం, రిజర్వు ధర పెట్టి, ఆదివారం రాత్రి తొమ్మిదికి పాట ముగిసేలా చూసి, వేలానికే పంపుతాను.