వన్‌టౌన్‌లో లెగ్ హార్మోనియం రిపేరు: పని బాగుంది, టైమ్ మాత్రం అడగొద్దు

పద్య నాటకాలకి వాయించేవాళ్ళకి ఈ బాధ తెలుసు. కృష్ణుడి వేషం కట్టినాయన పద్యం చివర రాగం అందుకుని వదలడు, హాల్లో వన్స్‌మోర్ అంటారు, ఇక్కడ కాళ్ళతో తొక్కి గాలి పట్టించే లెగ్ హార్మోనియం తిత్తిలో గాలి నిలవక, మన కాళ్ళు మాత్రం సైకిల్ రేసులో ఉన్నట్టు తొక్కుతూనే ఉంటాయి. ఇదివరకు వేరేచోట ఇస్తే తిత్తి మడతల మీద రెగ్జిన్ ముక్కలు ఏదో బంకతో అతికించి ఇచ్చారు. అది గట్టిపడి తొక్కడం ఇంకా బరువైంది, తర్వాత అక్కడే చీలింది.

విజయవాడ వన్‌టౌన్‌లోని ఈ చిన్న షాపాయన ముందు శ్రుతి జోలికే పోలేదు. తిత్తి నిండా గాలి పట్టించి, ఒక్క మెట్టూ నొక్కకుండా వదిలేసి, ఎంతసేపట్లో దిగుతుందో చూశారు. మాది చూస్తుండగానే కూలబడింది. తర్వాత అగరబత్తి వెలిగించి మూలల వెంట, రీడ్ బోర్డు (స్వరాలు పలికే రీడ్లు బిగించిన చెక్క) అంచు వెంట తిప్పారు, పొగ చెదిరిన చోటల్లా చాక్‌పీసు గీత. తిత్తి కంటే బోర్డు కింద నుంచే ఎక్కువ పోతోంది. రోళ్ళు పగిలే ఎండలకి చెక్క ఎండి స్క్రూలు లూజవ్వవా మరి!

పాత గుడ్డంతా ఊడదీసి, మడతలకి పల్చటి మేకతోలు వేసి, వజ్రం బంక (పశువుల తోళ్ళ నుంచి తీసే జిగురు) కాచి అంటించారు. రేపు మళ్ళీ విప్పాలన్నా తడిపి వేడి చేస్తే ఊడొస్తుంది, చెక్క పాడవదు. లోపల గాలి వెనక్కి పోకుండా మూసుకునే తోళ్ళు కూడా మార్చారు. కాళ్ళతో తొక్కితే వాటంతటవే పాట వాయించే ప్లేయర్ పియానోలదీ ఇదే రోగం, కాకపోతే అవి గాలిని ఊదవు, పీలుస్తాయి, 88 మెట్లకి 88 బుల్లి తిత్తులు, తలా కాస్త లీకైతే అంతా కాళ్ళ మీదే పడుతుంది. మనది నయం.

స్ప్రింగులు బిగించమంటే ఒప్పుకోలేదు. సౌండ్ పెరుగుతుంది గానీ తొక్కడం బరువవుతుంది, ముందు గాలి ఆగనీండి అన్నారు. అదీ నిజమే, ఇప్పుడు తుమ్మలపల్లి కళాక్షేత్రంలో ఎంత రాగం లాగినా తాపీగా తొక్కుతున్నా.

ఇక తిట్లు. ఇస్తానన్న రోజుకి ఇవ్వరు, ఫోనెత్తరు, నాటకం ముందు రిపేరుకి ఇచ్చారంటే టెన్షనే. రేటు తిత్తి విప్పాకే చెప్తారు, అందులో తప్పులేదు. పెడల్ నవారు పట్టీలు సాగిపోయినా మనం అడిగితేనే మారుస్తారు, ఇచ్చేటప్పుడే చెప్పండి. ఆ సందులోకి కారు పట్టదు, ఆటోలో పెట్టె నిలబెట్టి కట్టి తీసుకెళ్ళండి.