మూడేళ్లు వాడాక: ఈ ఎడిటర్‌లో అక్షరాలు ఎక్కడ నెమ్మదించాయి?

ఈ టెక్స్ట్ ఎడిటర్‌ని మూడేళ్లుగా రోజూ వాడుతున్నాను. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింట్లోనూ అవే షార్ట్‌కట్‌లు, అదే సెట్టింగ్స్ ఫైలు. ఒక మెషీన్‌ మీద అలవాటైన చెయ్యి ఇంకోదాని మీద తడబడదు. పెద్ద లాగ్ ఫైళ్లను కూడా ఇట్టే తెరుస్తుంది. నాకు ఇబ్బందల్లా తెర మీద అక్షరాలు గీసే దగ్గరే వచ్చింది.

రెండో ఏడాది 4కె మానిటర్ తగిలించాక లైనక్స్‌లో పేజీ ఈడ్చుకుంటూ కదలడం మొదలైంది. నొక్కిన అక్షరం వేలు తీశాక కనిపించేది. 60 హెర్ట్జ్ తెర మీద ఒక్కో ఫ్రేముకి దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లే. అది దాటిందంటే కంటికి కుదుపు తెలిసిపోతుంది. ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపేశాను, కోడ్‌లో మాటలకి వేసే సింటాక్స్ రంగులు తీసేశాను, లిగేచర్లు (రెండు మూడు గుర్తులను కలిపి ఒకే బొమ్మగా చూపడం) కూడా ఆపి చూశాను. తేడా లేదు.

చివరికి దారి చూపించింది ఒక చిన్న పరీక్ష. విండోని అలాగే ఉంచి ఫాంట్ సైజు మూడింతలు చేశాను. అడ్డంగా మూడో వంతు, నిలువుగా మూడో వంతు పడతాయి కాబట్టి తెర మీద అక్షరాలు తొమ్మిదో వంతుకి తగ్గిపోతాయి. గీయాల్సిన పిక్సెళ్లు మాత్రం అన్నే ఉంటాయి. వేగం పెరిగితే భారం అక్షరాల దగ్గర ఉన్నట్టు, పెరగకపోతే పిక్సెళ్లు నింపడంలో ఉన్నట్టు. నాకు పెరగలేదు. 4కెలో పిక్సెళ్లు దాదాపు 83 లక్షలు, ఫుల్ హెచ్‌డీకి నాలుగు రెట్లు. గ్రాఫిక్స్ వివరాలు చూపే జీఎల్ఎక్స్‌ఇన్ఫో అనే కమాండ్ నడిపితే రెండరర్ (తెర మీద బొమ్మ గీసేది) పేరు ఎల్ఎల్‌వీఎంపైప్ అని వచ్చింది. అంటే గ్రాఫిక్స్ కార్డు ఊరికే ఉంది, ప్రాసెసరే ప్రతి పిక్సెల్‌నీ గీస్తోంది. డ్రైవర్ సరిగా వేశాక ఆ బాధ తీరింది. తప్పు ఎడిటర్‌ది కాదు, నిజమే. కానీ కార్డు వాడుకోవడం లేదని తెర మీద ఎక్కడో ఒక ముక్క చూపించి ఉంటే నాకు రెండు వారాల తలనొప్పి తప్పేది.

తెలుగు ఫైళ్లు మాత్రం అప్పటికీ కుంటుతూనే ఉన్నాయి. మళ్లీ అదే పరీక్ష చేశాను. ఈసారి అక్షరాలు పెద్దవి చేయగానే స్క్రోల్ హాయిగా సాగింది. అంటే భారం అక్షరాలదే.

ఇంగ్లిష్‌లో చాలావరకు ఒక అక్షరానికి ఒక బొమ్మ. ఒకసారి గీసి దాచుకుంటే చాలు. మనకి అలా కుదరదు. 'స్త్రీ' అనే ఒక్క అక్షరంలో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి ఆరు యూనికోడ్ సంకేతాలున్నాయి. వాటిని ఫాంట్‌లోని నియమాల ప్రకారం కలిపి, ఒత్తులు ఎక్కడ కూర్చోవాలో తేల్చాలి. దీన్నే షేపింగ్ అంటారు. లైనక్స్‌లో ఈ పని సాధారణంగా హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తుంది. నేనూ మొదట దాన్నే అనుమానించాను. ఏ పనికి ఎంత సమయం పోతోందో చూపే పెర్ఫ్ అనే టూల్ పెట్టి చూస్తే ఎక్కువ సమయం షేపింగ్‌లో కాదు, ఫాంట్ వెతకడంలో పోతోంది. నేను కోడ్‌కి వాడే ఫాంట్‌లో తెలుగు లేదు. అందుకని ఎడిటర్ తెలుగు మాట వచ్చిన ప్రతిసారీ, సిస్టమ్‌లో తగిన ఫాంట్ వెతికిపెట్టే ఫాంట్‌కాన్ఫిగ్‌ని అడుగుతోంది, దొరికిన జవాబు గుర్తుపెట్టుకోవడం లేదు. సెట్టింగ్స్‌లో రెండో ఫాంట్‌గా ఒక తెలుగు ఫాంట్ పేరు రాశాను, అంతే. ఆ రోజు నిజంగా ఎంత సంతోషమేసిందో! తెలుగు రాసేవాళ్లు ఏ ఎడిటర్ వాడినా ముందు ఈ ఒక్క మార్పు చేసి చూడండి.

ఇంకా మిగిలింది పొడవాటి లైన్ల సమస్య. మొత్తం వ్యాసం ఒకే లైనులో ఉంటే, మధ్యలో ఒక అక్షరం మార్చినా ఇది లైనంతా మళ్లీ షేప్ చేస్తుంది. వర్డ్ ర్యాప్ (పొడవాటి లైనుని తెర వెడల్పుకి మడవడం) ఉంటే లైను ఎక్కడ విరగాలో కొలవడం కూడా తోడవుతుంది. ఇది మూడు సిస్టమ్‌లలోనూ ఉంది, తయారుచేసినవాళ్లే సరిచేయాలి. అలాంటి ఫైలు వస్తే ర్యాప్ ఆపేసి, పేరాలుగా విడగొట్టుకుని పని మొదలుపెడుతున్నాను. మిగతా రాతపనంతా ఇందులోనే సాగుతోంది.