నాయన జీవితం నాలుగు ఫారాల్లో: తిరుపతిలో ఒక ప్రింటింగ్ ప్రెస్సు పనితనం

సైన్యంలో చేసి, తర్వాత రాజకీయాల్లో తిరిగిన మా నాయనకు డెబ్బై అయిదేళ్లు నిండాయని ఆయన జీవితం మీద ఒక చిన్న పుస్తకం వేయించాం. గాంధీరోడ్డు వెనక సందుల్లో ఉన్న ప్రెస్సుల్లో ఒకదానికి పని ఇచ్చాం. 1/8 డెమీ సైజు, 64 పేజీలు (ఫారం అంటే ఒకే షీటు మీద అచ్చయ్యే పదహారు పేజీలు, అట్లాంటివి నాలుగు), లోపల 70 జీఎస్ఎం మ్యాప్‌లితో కాగితం (జీఎస్ఎం అంటే కాగితం బరువు లెక్క), కవరుకు మందపాటి ఆర్ట్ కార్డు, 300 కాపీలు. టైపింగుతో కలిపి 19,500 రూపాయలైంది. రేటు న్యాయంగానే ఉంది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు కాకుండా పుస్తకం వేయించుకోవాలనుకునే వాళ్లకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నా.

రాజకీయ నాయకుల పుస్తకాలకు వీళ్ల దగ్గర రెడీమేడ్ మ్యాటర్ ఉంటుంది. పేరు మారిస్తే చాలు. 'బడుగుల ఆశాజ్యోతి', 'మచ్చలేని మహానేత' వరసగా వచ్చేస్తాయి. మొదటి ప్రూఫులో అదే పెట్టారు. నాయన పెన్ను తీసి ఆ పేరా అడ్డంగా కొట్టేశాడు. కంప్యూటర్ దగ్గర కూర్చునే పిల్లోడు నొచ్చుకోలేదు. "సరే సామీ, మీరేం చేసినారో మీరే చెప్పండి, నేను కొడతా" అని కుర్చీ లాగి వేశాడు. ఈ ప్రెస్సులో మెచ్చుకోవాల్సింది మిషన్లను కాదు, ఆ పిల్లోణ్ణి.

నాయన 1968లో బెంగళూరు వెళ్లి సైన్యంలోని మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో చేరాడు. ఫౌజులో తంబీలు అనేది వీళ్లనే. 1971 పాకిస్తాన్ యుద్ధంలో షకర్‌గఢ్ వైపు, బసంతర్ నది దగ్గర ఉన్నాడు. ఇంట్లో ఆ సంగతి ఎత్తితే రెండు ముక్కలు చెప్పి లేచిపోయేవాడు. ఆ పిల్లోడు యుద్ధం ఎట్లా జరిగిందని అడగలేదు, "మైన్లు ఎట్లా తీస్తారు సామీ" అని, నేలలో పాతిన మందుపాతరల గురించి అడిగాడు. ఇంక నాయన ఆగలేదు. కడ్డీని ఏటవాలుగా గుచ్చాలంట. నిటారుగా దించితే పైనున్న ప్లేటు నొక్కుకుంటుందంట. ఏదైనా గట్టిగా తగిలితే చుట్టూ మట్టి చేత్తో తీయాలి. దారి తేలాక రెండు పక్కలా తెల్ల టేపు పరవాలి, వెనక వచ్చే ట్యాంకులు ఆ టేపుల మధ్యనుంచే పోవాలి. నాయన పని ఆ టేపు పరవడం. ట్యాంకు దళం అధికారి అరుణ్ ఖేతర్‌పాల్‌కు పరమవీర చక్ర వచ్చిన యుద్ధం అది. పుస్తకంలో ఆయన గురించి ఒక వాక్యం, టేపు గురించి పేజీన్నర ఉన్నాయి. ఓనరు టేపు తగ్గిద్దామన్నాడు, పిల్లోడే ఒప్పుకోలేదు.

1985లో హవల్దారుగా పెన్షన్ వచ్చి, నల్ల ట్రంకు పెట్టెతో కాట్పాడిలో రైలు మారి పాకాలలో దిగాడు. 1988లో మా ఊరి సర్పంచ్, 1995లో పార్టీ టికెట్ మీద జెడ్పీటీసీ. ఆ అధ్యాయాలు మామూలుగానే ఉన్నాయి, శంకుస్థాపన ఫొటోలు ఎక్కువ. 1999 అధ్యాయం బాగుంటుంది. పార్టీ టికెట్ ఇవ్వలేదని అసెంబ్లీకి ఇండిపెండెంటుగా నిలబడ్డాడు. డిపాజిట్ అప్పట్లో అయిదువేలు, చెల్లిన ఓట్లలో ఆరోవంతు కంటే ఎక్కువ వస్తే గానీ వెనక్కి రాదు. రాలేదు. మా అమ్మ ఆ అయిదువేల సంగతి ఇప్పటికీ ఎత్తుతుంది, అదీ పుస్తకంలో ఉంది.

ఇక కవరు గోల. పసుపు వేస్తే ఒక పార్టీ, నీలం వేస్తే ఇంకొకటి, ఎరుపు, గులాబీ, కాషాయం అన్నిటికీ ఎవరో ఒకరు ఉన్నారు. నాయనేమో రెండు పార్టీలు చూసినోడు. చివరికి మిలిటరీ ఆలివ్ గ్రీన్ ఖాయం చేశాం. కంప్యూటర్ తెర మీద చక్కగానే ఉంది. కాపీలు చేతికొచ్చేసరికి చిలకపచ్చ! యూనిఫాం ఫొటోలో కూడా నాయన చిలకపచ్చ చొక్కా తొడుక్కున్నట్టే ఉన్నాడు. తెర మీది రంగు ఒకటి, నాలుగు ఇంకులు కలిసి కాగితం మీద తేలే రంగు ఇంకొకటి. అచ్చుకు ప్లేట్లు వేసే ముందు కవరు ఒక్కటి డిజిటల్ ప్రింట్ తీసి చూపించమని అడగండి, వందో రెండొందలో అవుతుంది. మాకు ఆ మాట ముందే చెప్పాల్సింది వాళ్లే. తిరిగి వేయమంటే సగం ఖర్చు మాదే అన్నారు. ఊళ్లో సభ దగ్గర పడింది, సర్దుకున్నాం.

ఫాంటు విషయంలో కూడా జాగ్రత్త. నేను ఫోనులో టైపు చేసి పంపిన పేజీలను వాళ్ల పాత ఫాంటులోకి మార్చినప్పుడు ఒత్తులు, వట్రుసుడులు జారిపోయాయి. సర్పంచ్ కాస్తా 'సరంచ్' అయ్యాడు. రెండో ప్రూఫు కూడా అక్షరం అక్షరం చదవాల్సిందే. మొదట్లో దిద్దినవి సరిచేస్తూ కొత్తవి పుట్టిస్తారు.

పుస్తకం పదహారు పేజీల ఫారాల లెక్కన నడుస్తుంది. మా మ్యాటర్ అరవైకి ఆగింది, నాలుగు పేజీలు మిగిలాయి. ఓనరు వెంటనే, "నాయకుల శుభాకాంక్షలు వేద్దాం సార్, ఒక్కో పేజీకి డబ్బులు కూడా వస్తాయి" అన్నాడు. మంచి వ్యాపారమే. నాయన పాత డైరీ తెచ్చి జెడ్పీటీసీగా ఉన్న అయిదేళ్లలో ఏ పల్లెకు బోరు వేయించాడో, ఏ బడికి గది కట్టించాడో రాయించాడు. పక్కనే ఇంకో వరస, మాటిచ్చి చేయలేనివి. పిల్లోడు ఆ రెండు వరసలను పట్టికగా ఎంత శుభ్రంగా పేర్చాడంటే, సభకు వచ్చినవాళ్లు అన్నిటికంటే ముందు తిప్పింది ఆ పేజీలే. రెండో వరసలో తమ ఊరి రోడ్డు చూసుకుని ఒకాయన మైకు అడిగాడు కూడా.

బైండింగు గట్టిగా ఉంది, పేజీలు ఊడలేదు. లామినేషన్ మాత్రం కొన్ని కాపీలకు అంచుల్లో బుడగలు లేచింది. ఇంకో మాట, బాకీ కట్టే ముందే పీడీఎఫ్ తీసుకోండి. మేము మొత్తం కట్టేశాం. "రేపు పంపిస్తా మేడం" అంటున్నారు, ఇంకా రాలేదు.