పాత పోలో జీటీ టీఎస్‌ఐకి 195/55 వేయాలా, 195/60 వేయాలా?

2013లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ కారు పోలో జీటీ టీఎస్‌ఐకి కంపెనీ ఇచ్చిన టైరు సైజు 185/60 ఆర్15. అంటే టైరు వెడల్పు 185 మి.మీ., సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు అందులో 60 శాతం, రిమ్ 15 అంగుళాలు. 105 హార్స్‌పవర్ టర్బో బండికి ఆ టైర్లు కాస్త సన్నగానే అనిపిస్తాయి. అందుకే చాలామంది చూపు 195 మీద పడుతుంది. రిమ్ మార్చక్కర్లేదు కూడా.

లెక్క చూద్దాం. ఒరిజినల్ టైరు వ్యాసం 603 మి.మీ. 195/55 అయితే 595.5, అంటే ఒకటింపావు శాతం తక్కువ. 195/60 అయితే 615, అంటే 2 శాతం ఎక్కువ. రెండూ ఫర్వాలేదనుకునే తేడాలే.

195/55 వేస్తే మలుపుల్లో బండి చెప్పినట్టు వింటుంది, పికప్ కూడా చురుగ్గా ఉంటుంది. కానీ సైడ్‌వాల్ 107 మి.మీ.కి తగ్గుతుంది, బండి దాదాపు 4 మి.మీ. కిందికి దిగుతుంది. వానాకాలం హైదరాబాద్‌లో నీళ్ల కింద గుంత కనపడక దబ్బున పడితే సైడ్‌వాల్ ఉబ్బడం, రిమ్ వంగడం ఇక్కడే మొదలవుతాయి. ఔటర్ రింగ్ రోడ్డు మీదే తిరిగేవాళ్లకైతే ఆ టెన్షన్ లేదనుకోండి.

195/60కి సైడ్‌వాల్ 117, గ్రౌండ్ క్లియరెన్స్ 6 మి.మీ. పెరుగుతుంది. స్పీడ్ బ్రేకర్ల దగ్గర అదీ కలిసొచ్చేదే. టైరు పెద్దది కాబట్టి మీటరు చూపించే దూరం అసలు దూరం కన్నా కొంచెం తగ్గుతుంది, అందుకని మైలేజీ పడిపోయిందని కంగారు పడొద్దు. పికప్‌లో చురుకు మాత్రం ఒక పిసరు తగ్గుతుంది.

నా ఓటు 195/60కే. ఏది కొన్నా సైడ్‌వాల్ మీద నాలుగంకెల తేదీ చూడండి: 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారీ.