డబ్బులు పెట్టి షెల్ సెటప్ ప్యాక్ కొనేవాళ్లు ఒక్కసారి ఇది చూడండి

టెర్మినల్‌ని (కమాండ్లు టైప్ చేసే విండోని) మన పనికి తగ్గట్టు చిటికెలో మార్చేస్తామంటూ అమ్ముతున్న ఒక కాన్ఫిగరేషన్ ప్యాక్ కొన్నాను. అది జెడ్‌షెల్, బాష్ అనే షెల్స్ కోసం, అంటే మనం కొట్టే కమాండ్లని నడిపే ప్రోగ్రాముల కోసం. అమ్మినవాళ్ల పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇలాంటివి ఇంకా బోలెడు తిరుగుతున్నాయి.

ఇన్‌స్టాలర్ అంటే ఒక్క లైనే, కర్ల్ అనే డౌన్‌లోడ్ కమాండ్‌తో స్క్రిప్ట్ దింపి నేరుగా బాష్‌లోకి పైప్ చేయడం, అంటే దింపిందాన్ని దింపినట్టే నడిపేయడం. ఏళ్లుగా పోగేసుకున్న ఏలియస్‌లు (కమాండ్లకి పెట్టుకునే మారుపేర్లు), ఫంక్షన్లు ఉన్న నా జెడ్‌షెల్ ఆర్‌సీ ఫైల్‌ని (షెల్ మొదలైనప్పుడల్లా చదివే సెట్టింగ్స్ ఫైల్‌ని) బ్యాకప్ కూడా తీయకుండా తుడిచిపెట్టి తన ఫైల్ పెట్టేసింది. గిట్‌లో (ఫైల్స్ పాత వెర్షన్లు దాచే టూల్‌లో) కాపీ ఉంది కాబట్టి నాకు సరిపోయింది, లేనివాళ్ల సంగతేంటి? పైగా పాత్ వేరియబుల్‌కి (కమాండ్ల కోసం షెల్ వెతికే ఫోల్డర్ల జాబితాకి) తన ఫోల్డర్ని కలపాల్సింది పోయి, పాతదంతా తీసేసి తనది ఒక్కటే రాసుకుంది. కొత్త విండో తెరిచి, ఫైల్స్ జాబితా చూపే ఎల్‌ఎస్ కమాండ్ కొడితే 'కమాండ్ నాట్ ఫౌండ్'! మీకూ ఇలాగే అయితే టెన్షన్ పడకండి, ఫైల్స్ ఎక్కడికీ పోలేదు, స్లాష్ బిన్ స్లాష్ ఎల్‌ఎస్ అని పూర్తి దారి ఇస్తే నడుస్తుంది, ఆ విండోలోనే పాత్‌ని చేత్తో సెట్ చేసుకుని ఆర్‌సీ ఫైల్ సరిచేసుకోవచ్చు.

దాన్నైనా క్షమించొచ్చు గానీ, ఫైల్స్ తీసేసే ఆర్‌ఎం కమాండ్‌కి, ఫోల్డర్లని కూడా అడగకుండా చెరిపేయమనే మైనస్ ఆర్‌ఎఫ్‌ని గుట్టుగా తగిలించి ఏలియస్ పెట్టారు చూడండి, అది మాత్రం దారుణం. ఒక ఫైల్ తీయబోయి పొరపాటున ఫోల్డర్ పేరు కొడితే అడగకుండా మొత్తం పోతుంది. ఏలియస్ అని ఊరికే కొట్టి ఎంటర్ నొక్కితే జాబితా అంతా వస్తుంది, ఏ ప్యాక్ వేసినా ముందు అది చదవండి.

మ్యాక్‌లో బాష్ భాగం అసలు పనే చేయలేదు. మ్యాక్‌తో వచ్చే బాష్ ఇప్పటికీ 3.2 వెర్షనే, వీళ్ల స్క్రిప్ట్‌లోనేమో 2009లో బాష్ 4తో వచ్చిన అసోసియేటివ్ అర్రేలు (పేర్లతో విలువలు దాచుకునే జాబితాలు), పాత 3.2కి అవి తెలియవు. 'అన్ని సిస్టమ్స్‌లో నడుస్తుంది' అని ఎలా రాశారో మరి.

ఇక లోపలి సరుకు చూస్తే సగానికి పైగా ఓ మై జెడ్‌షెల్ అనే జెడ్‌షెల్ సెటప్ ప్రాజెక్ట్‌లోని ప్లగిన్లే. అది ఎంఐటీ లైసెన్స్‌తో (ఎవరైనా వాడుకోవచ్చు, కాపీరైట్ నోటీసు ఉంచితే చాలు అనే ఒప్పందంతో) ఉచితంగా దొరుకుతుంది, దాని ఇన్‌స్టాలర్ పాత ఆర్‌సీ ఫైల్‌ని వేరే పేరుతో దాచి మరీ కొత్తది పెడుతుంది. ఆ లైసెన్స్ ప్రకారం ఉంచాల్సిన కాపీరైట్ నోటీసు కూడా వీళ్లు పీకేశారు.

రీఫండ్ అడిగితే డిజిటల్ ప్రోడక్ట్ కాబట్టి కుదరదన్నారు. అయినా కొనాలనే ఉంటే స్క్రిప్ట్ ముందు చూపించమనండి, చూపిస్తే సిస్టమ్‌లో వేరే యూజర్ అకౌంట్ తెరిచి అందులో వేసి చూసుకోండి, చూపించనంటే వదిలేయండి.