రుద్దని వైరు: సిమ్యులేషన్ ప్రాక్టికల్స్, రెండేళ్ల తర్వాత

బెంగళూరు మారతహళ్లి దగ్గర ఒక సీబీఎస్‌ఈ స్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. మావాళ్లు కొన్న ల్యాబ్ సిమ్యులేషన్‌తో (ప్రయోగాన్ని కంప్యూటర్ తెరమీదే చేయించే సాఫ్ట్‌వేర్) రెండేళ్లుగా పదో తరగతికి ప్రాక్టికల్ పరీక్ష పెడుతున్నాను. ఫెట్ (PhET) లాంటి సిమ్యులేషన్లు ఉచితంగానే దొరుకుతాయి, కానీ మామూలుగా వాడితే ఎవరు ఏ వైరు ముందు కలిపారో తర్వాత మనకు తెలియదు. ఇందులో ప్రతి అడుగూ రికార్డవుతుంది. నాకు తెగ నచ్చేసింది అదే.

మా నిజం ల్యాబ్‌లో సెట్లు 6, పిల్లలు 42. ఇద్దరు కలుపుతారు, మిగతావాళ్లు రీడింగులు ఎక్కించుకుంటారు, నేను అందరికీ 5కి 5 వేసేస్తాను. మొదటి ఏడాది సిమ్యులేషన్‌లో పెట్టిన ఓమ్ నియమం పరీక్షలో, ఎప్పుడూ వెనకాల నిలబడే ఒక అబ్బాయి రికార్డు తెరిచాను. అమ్మీటర్‌ని సమాంతరంగా పెట్టాడు, తీసేశాడు, శ్రేణిలో పెట్టాడు. ముల్లు వెనక్కి పోతే ప్లస్ మైనస్ మార్చాడు. ఎవరూ చెప్పలేదు. స్టాఫ్ రూమ్‌లో అందరికీ చూపించాను, కాస్త అతి కూడా చేశాను.

ఈ జనవరిలో, అందులో ఫుల్ మార్కులు తెచ్చుకున్న ఒక తెలుగమ్మాయిని నిజం బల్ల మీద అదే చేయమన్నాను. సర్క్యూట్ చక్కగా కట్టింది. స్విచ్‌లా పనిచేసే కీ పెట్టింది. ముల్లు కదల్లేదు. సెల్ మార్చింది, మీటర్ మార్చింది. "ఇది పాడైపోయింది సార్" అంది. మా ల్యాబ్ అసిస్టెంట్ వైరు కొస చూసి, ఏమీ అనకుండా ఉప్పుకాగితం ముక్క చేతిలో పెట్టాడు. నాలుగుసార్లు రుద్దేసరికి నల్లటి పొర పోయి రాగి మెరిసింది. ముల్లు 0.2 దాకా వెళ్లి అక్కడ వణుకుతూ నిలబడింది.

"రుద్దాలని అందులో లేదు కదా సార్!"

లేదు మరి. అందులో వైరు దగ్గరికి తెస్తే చాలు, దానంతటదే అతుక్కుంటుంది. మీటర్‌కి సున్నా దోషం (కరెంటు లేనప్పుడూ ముల్లు సున్నా మీద ఉండకపోవడం) ఉండదు. గ్రాఫులో చుక్కలన్నీ బుద్ధిగా ఒకే గీత మీద కూర్చుంటాయి. ఆ అబ్బాయికి సర్క్యూట్ అర్థమైందన్న మాట మీద ఇప్పటికీ నిలబడతాను. చేత్తో చేయడం వచ్చా అంటే, ఆ రికార్డు చూసి చెప్పలేను.

ఇప్పుడు 3 మార్కులు సిమ్యులేషన్‌కి, 2 బల్ల దగ్గర. బల్ల మీద ఒక రుద్దని వైరు, ఒక వదులు కీ నేనే కావాలని పెడతాను. క్లాసు పూర్తయ్యేసరికి వారం పడుతోంది, అదో టెన్షన్. సెట్లు తక్కువై పిల్లలు ఎక్కువున్న నాకు సిమ్యులేషన్ లేకపోతే కుదరదు. క్లాసులో 20 మందే ఉంటే ఆ డబ్బుతో ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకెళ్లి మీటర్లు కొనుక్కునేవాణ్ణేమో. రెన్యూవల్‌కి సంతకం పెట్టాను, అదే ఇండెంట్‌లో (కొనాల్సిన వాటి జాబితాలో) పది ఉప్పుకాగితాలు కూడా రాశాను.